రెండో గదిలో అల్లం పచ్చడి

మొత్తం జీవితంలో హరిప్రియ సైన్సుకి చేసిన అపకారం ఒక్కటే. అది కూడా నెయ్యి వేసి మరీ చేసింది.

కెమిస్ట్రీలో డిగ్రీ పుచ్చుకుని, ఆ చదువంతా చారుగిన్నె మీదా పులుసు మీదా ప్రయోగిస్తూ విశాఖపట్నంలో కాపురం చేసుకుంటున్న ఆవిడకి, ఆడపడుచు రూపంలో ఇంట్లోనే ఒక శాస్త్రవేత్త ఉంది. పేరు మృణాళిని. పెళ్ళి మాటెత్తితే, "మా అన్నయ్యతో నువ్వు పడే పాట్లు చూశాక ధైర్యం చాల్లేదు వదినా" అంటుంది. ఆ అన్నయ్య రఘురామ్ వినపడనట్టు పేపరు తిరగేస్తాడు. ఆ ఇంట్లో పేపరు ఎక్కువగా అందుకే ఉపయోగపడుతుంది.

మృణాళిని కనిపెట్టిన యంత్రం బ్యూటీ పార్లర్లో జుట్టు ఆరబెట్టే టోపీలా ఉంటుంది. దానికి కాగితాల మీద పొడుగాటి పేరు ఉందిగానీ ఇంట్లో అందరూ టోపీ అనే అనేవారు. మొదటిసారి దాన్ని పెట్టుకున్నది రఘురామే. ఆదివారం మధ్యాహ్నం సుష్టుగా భోంచేసి కునుకు తీయబోతున్న మనిషిని మృణాళిని పట్టుకెళ్ళి, ఒంటి స్థితిని నమోదు చేసే పట్టీ చేతికి కట్టుకుని తిరిగే ఒక ఆటో డ్రైవరు ఒంటి స్థితిని ఆయన ఒంట్లోకి ఎక్కించింది. ఆ డ్రైవరు ఆ పూట తినలేదు, ముందురోజు పడుకోలేదు. టోపీ తీసేసరికి రఘురామ్‌కి కడుపులో అన్నం ఉన్నా ప్రాణం ఆకలి అంటోంది. కళ్ళు మండుతున్నాయి. బయటికి రాగానే అడ్డం వచ్చిన స్కూటరు ఆయన్ని, ఎవరో ఏమిటో చూడకుండా ఏకవచనంలో నానా మాటలూ అన్నాడు. తీరా చూస్తే ఆయన రఘురామ్ వాళ్ళ ఆఫీసులో పైఅధికారి.

"జ్ఞాపకాలు రావు వదినా, ఒంట్లో ఉన్నది మాత్రం వస్తుంది. ఆకలి, నిద్రలేమి, భయం, తొందర. రెండు గంటలుండి పోతుంది" అంది మృణాళిని మురిసిపోతూ.

"మీ అన్నయ్య ఉద్యోగం కూడా పోతుందేమో చూసుకో" అంది హరిప్రియ.

ఉద్యోగం పోలేదు. ఆ పైఅధికారికి కూడా ఒకసారి టోపీ పెట్టాక ఆయనే వచ్చి రఘురామ్ భుజం తట్టి వెళ్ళాడు.

ఇలా నవ్వులాటగా నడుస్తున్న టోపీ దగ్గరికి ఒకరోజు కోర్టు వచ్చింది.

భీమిలి వైపు ఒక రొయ్యల ఫ్యాక్టరీలో అమ్మోనియా వాల్వు సరిగ్గా కట్టకుండా వదిలేశారు. గ్యాసు పీల్చిన ఆడవాళ్ళు కొందరు ఆసుపత్రి పాలై, అదృష్టం బాగుండి అందరూ కోలుకున్నారు. వాల్వు దగ్గర ఉన్నది అప్పలనరసమ్మ. ఎవరు వదిలేశారని అడిగితే పక్కనున్న పైడితల్లిని చూపించింది. పైడితల్లిని అప్పటికప్పుడు పనిలోంచి తీసేశారు. నరసమ్మ ఇంటికెళ్ళి పడుకుని, లేచి, తిరిగొచ్చి, "నానే ఒగ్గీసినాను, ఆ పిల్ల కాదు" అని చెప్పింది. అయినా పైడితల్లిని కంపెనీ తిరిగి తీసుకోలేదు. వాల్వు వదిలేసే వేళకి నరసమ్మ రాత్రి డ్యూటీ, దాని వెనకాలే పగటి డ్యూటీ కూడా చేసి ఉంది. రెండూ ఎందుకు చేశావంటే మాత్రం నోరు విప్పలేదు.

కంపెనీ వాళ్ళ వాదన ఒకటే. తప్పు మా డ్యూటీలది కాదు, ఆమె బుద్ధిది. అలసిపోయిన ప్రతివాళ్ళూ పక్కవాళ్ళ మీదకి నెడతారా? డ్యూటీలో కట్టుకునే నరసమ్మ చేతి పట్టీలో ఆ పూట ఆమె ఒంటి స్థితి యావత్తూ భద్రంగా ఉంది. ఆ స్థితిలో మామూలు మనుషులు ఏం చేస్తారో తేల్చి చెప్పమని కోర్టు మృణాళినిని అడిగింది. ఆ జవాబు మీదే నరసమ్మ జైలుకి వెళ్ళడమో మానడమో ఆధారపడి ఉంది.

దానికోసం మూడు గదులు సిద్ధం చేశారు. మొదటి గదిలో టోపీ. రెండో గదిలో, ఆవకాయ ముక్కకి ఉప్పు పట్టినట్టు ఆ స్థితి మనిషికి పట్టేదాకా కాసేపు ఊరికే కూర్చోవాలి. మూడో గదిలో గాజు గొట్టాల ట్రే ఒకటి ఇటు నుంచి అటు పెట్టమంటారు. దాని పిడి ఎవరు పట్టుకున్నా ఊడివచ్చేలా చేసి ఉంచారు. గొట్టాలు భళ్ళుమనగానే మృణాళిని లోపలికొచ్చి, అక్కడే తుడుస్తూ ఉండే ల్యాబు అటెండరు సన్యాసిరావు మీద ఇంతెత్తున లేస్తుంది. సన్యాసిరావు తల వంచుకుంటాడు. చెయ్యని తప్పుకి తల వంచుకోవడంలో అతను ఎంత ఆరితేరిపోయాడంటే చూసేవాళ్ళకి కడుపు తరుక్కుపోయేది. ఇప్పుడు ట్రే పట్టుకున్న మనిషి "నేనేనండీ" అంటాడా, ఊరుకుంటాడా? అదీ పరీక్ష.

రెండో గది తలుపు మీద ఎవరూ లోపలికి రాకూడదని పెద్ద అక్షరాలతో బోర్డు ఉండేది. హరిప్రియ ఆ బోర్డు చదివింది. బోర్డులు బయటివాళ్ళకి కదా అనుకుంది.

ఆవిడ తప్పేమీ లేదు. అంటే, ఉంది. ఇల్లు ల్యాబు ఎదురుగానే. పని మొదలుపెడితే మృణాళినికి తిండి ధ్యాస ఉండదు. అందుకని హరిప్రియ పొద్దున్నే పెసరట్టు ఉప్మా, అల్లం పచ్చడి క్యారేజీలో సర్దుకుని వెళ్ళేది. మృణాళిని తలుపు బిగించుకుని లోపలెక్కడో ఉండేది. రెండో గదిలో చూస్తే ఎవరో ఒకరు ముఖం వాడిపోయి, నీరసంగా గోడకి జారగిలబడి ఉండేవాళ్ళు. ఒకరోజు కాలేజీ అమ్మాయి, ఒకరోజు రిటైరైన పోస్టుమాస్టరు. ఎదురుగా మనిషి అలా ఉంటే చేతిలో క్యారేజీ పెట్టుకుని వెనక్కి తిరిగి రావడం హరిప్రియకి పుట్టింటివాళ్ళు నేర్పలేదు.

"తిన్నారా?" అని అడిగేది.

టోపీ దెబ్బకి వాళ్ళు కస్సుమనేవాళ్ళు. "మీకెందుకండీ?" అనేవాళ్ళు.

"నాకెందుకూ? చల్లారిపోతుందని" అంటూ ప్లేటు చేతిలో పెట్టేది.

పోస్టుమాస్టరు గారు మొదటి పెసరట్టు కోపంగా తిన్నారు. రెండోది నెమ్మదిగా తిన్నారు. తరవాత అల్లం పచ్చడిలో బెల్లం ఎంత వేశారని అడిగి, వాళ్ళావిడ పోయాక పొద్దుటి టిఫిను మానేశానని చెప్పి కళ్ళు తుడుచుకున్నారు. గుమ్మం దగ్గర చీపురు పట్టుకుని నిలబడ్డ సన్యాసిరావుకి కూడా ఒకటి అందేది.

వారం తిరక్కుండా మృణాళిని ముక్కు పనిచేసింది.

"అల్లం వాసన! సన్యాసిరావ్, ఈ గదిలో కూర్చుని తింటున్నావా? ఇక్కడ గాలి కూడా లెక్కే అని ఎన్నిసార్లు చెప్పాను?"

వరండాలో తలుపు చాటున ఖాళీ క్యారేజీతో ఉన్న హరిప్రియకి ప్రతి మాటా వినపడింది. ఇంటి దగ్గర గ్యాసు బండవాడు గుమ్మంలో నిలబడి ఫోను చేస్తున్నాడు, పొయ్యి మీద కుక్కరు ఉంది, రఘురామ్ తాళంచెవి కనపడటం లేదని మరో ఫోను. తరవాత చెబుదాంలే అనుకుని మెట్లు దిగిపోయింది. లోపల సన్యాసిరావు అలవాటు చొప్పున తల వంచుకున్నాడు. మర్నాడు అతన్ని గేటు దగ్గర ఎండలోకి మార్చారు. మూడో గదిలో తల వంచుకోవడానికి ఇంకెవరినో పెట్టుకున్నారు.

హరిప్రియ తరవాత కూడా చెప్పలేదు. అల్లం పచ్చడి మాత్రం మానేసి, వాసన రాని కొబ్బరి పచ్చడి పట్టుకెళ్ళింది.

పరీక్షలు ముగిసిన సాయంత్రం మృణాళిని ఇంట్లోకి గంతులేసుకుంటూ వచ్చింది. "అన్నయ్యా, మనుషులు బంగారం! ఇంచుమించు అందరూ 'నేనే పగలగొట్టాను' అని ఒప్పేసుకున్నారు. పరిస్థితి మనిషిని చెడగొడుతుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను, తప్పు నాదే."

"మరి మీ అన్నయ్య ఆ పైఅధికారిని తిట్టడం?" అంది హరిప్రియ.

"అదే నాకూ అర్థం కావట్లేదు వదినా. అన్నయ్య స్వభావమేమో" అంది మృణాళిని. రఘురామ్ పేపరు తిరగేశాడు.

ఆ సంగతి అర్థం చేసుకునే అవకాశం, నివేదిక కోర్టుకి చేరిన రోజు టీవీ హరిప్రియకి ఇచ్చింది. కోర్టు మెట్ల మీద నరసమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని దిగుతోంది. పక్కన కంపెనీ వకీలు, తన పెళ్ళిలో కూడా అంత నవ్వి ఉండడు. "ఆమె స్థితిలో కూర్చోబెట్టిన వాళ్ళందరూ నిజమే చెప్పారని ప్రయోగశాల నివేదిక ఇచ్చింది. అబద్ధం ఆడింది ఈమె ఒక్కతే. ఇది అలసట కాదు, నైజం."

హరిప్రియ చిక్కుడుకాయ ఈనె తీస్తూ తీస్తూ ఆగిపోయింది. వాళ్ళందరూ నిజం చెప్పారు. వాళ్ళందరికీ తను టిఫిను పెట్టింది. నరసమ్మకి ఎవరు పెట్టారు?

ఆ చిక్కుడుకాయలు అలాగే వదిలేసి ల్యాబు గేటు దగ్గరికి వెళ్ళింది. సన్యాసిరావు రేకు కింద స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఎండకి ముఖం నల్లబడింది.

"సన్యాసిరావూ, ఆ రోజు వాసన నా క్యారేజీదని నీకు తెలుసు కదా. ఎందుకు చెప్పలేదు?"

అతను కంగారుగా లేచి నిలబడ్డాడు. "మీ సేతి పెసరట్టు తిన్న నోటితో మీ పేరెలా సెప్తానమ్మా?"

"నేను చెప్పాల్సింది కదా మరి. వినీ వెళ్ళిపోయాను."

"మీ పాదాల సప్పుడు ఇన్నానమ్మా" అన్నాడతను. కాస్త ఆగి నవ్వాడు. "గ్యాసు బండోడు మీ గుమ్మంలోంచి ఫోనులో కేకలేస్తన్నాడు. ఆ కంగారులో ఎవులు మాత్తరం ఆగుతారు? మా ఇంటిదైనా అంతే. మీరేటీ మనసులో ఎట్టుకోకండి."

అతను కోప్పడి ఉంటే హరిప్రియ ఏదో ఒకటి సర్దిచెప్పుకుని ఇంటికి పోయేదేమో. కోప్పడలేదు. ఎండలో నిలబడ్డ మనిషి, నీడలోంచి వచ్చిన మనిషికి కారణాలు వెతికిపెట్టాడు. ఆ మాట విన్నాక ఆడపడుచు ముందు నిజం చెప్పడం, గేటు నుంచి ల్యాబు దాకా నడిచినంత తేలికైపోయింది.

మృణాళిని మాత్రం తేలిగ్గా తీసుకోలేదు.

"ఇన్నేళ్ళ పని వదినా. ఇప్పుడు కోర్టుకెళ్ళి ఏం చెప్పను? మా వదిన అందరికీ పెసరట్లు పెట్టిందండీ అని చెప్పనా?"

"పెసరట్టు ఉప్మా. చెప్పేదేదో సరిగ్గా చెప్పు."

మృణాళినికి ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి. ఏడుపే ముందు బయటపడింది. "నవ్వుతారు వదినా. టోపీ పెట్టి దేశమంతా తిప్పుతారు నన్ను."

"తిప్పుతారు" అంది హరిప్రియ పక్కన కూర్చుంటూ. "చెప్పకపోతే ఆవిణ్ణి జైల్లో పెడతారు. నీ ఇష్టం. ఏం చేసినా ఇంటికొచ్చి అన్నం తిను."

మృణాళిని కళ్ళు తుడుచుకుని, ముందు గేటు దగ్గరికెళ్ళి సన్యాసిరావుకి క్షమాపణ చెప్పి, మళ్ళీ లోపలి పనిలోకి పిలిచింది. తరవాత కోర్టుని గడువు అడిగింది.

పత్రికలవాళ్ళకి పండగైంది. పెసరట్టు సైన్సు అని ఒకరు, నేతి నివేదిక అని ఒకరు రాశారు. కొత్త మనుషులతో పరీక్షలు మళ్ళీ మొదలయ్యాయి. రెండో గదికి తాళం, ఆ తాళంచెవి సన్యాసిరావు దగ్గర. ఈసారి ఎవరూ "తిన్నారా" అని అడగలేదు. గొట్టాలు పగిలినప్పుడు ఇంచుమించు అందరూ ఊరుకున్నారు. కొంతమంది వేలెత్తి మరీ సన్యాసిరావుని చూపించారు.

అలా చూపించినవాళ్ళలో ఒక బడిపంతులమ్మ, అసలు సంగతి తెలిశాక వరండాలో కూలబడిపోయింది. "పాతికమంది పిల్లలకి నీతిపాఠం చెబుతానండీ నేను" అంటూ వెక్కివెక్కి ఏడ్చింది. ఈ ప్రయోగంలో ఇలా పగిలేది గాజు గొట్టాలొక్కటే కాదని మృణాళినికి అప్పుడు తెలిసింది. ఆ రోజు నుంచి వదినకి ఉద్యోగం ఇచ్చింది. పరీక్ష అయ్యాక వచ్చినవాళ్ళ పక్కన కూర్చుని ప్లేటు అందించడం. సన్యాసిరావు కూడా వచ్చి, "నాకేటీ అవలేదండి, రోజూ పడేదే" అని వాళ్ళని నవ్వించడానికి చూసేవాడు.

"నాకూ ఓసారి టోపీ పెట్టు" అంది హరిప్రియ ఒక మధ్యాహ్నం.

"నీకు పరీక్ష ఏమిటో తెలుసు కదా. లాభం లేదు."

"లాభం కోసం కాదు. పెట్టు."

టోపీలో నొప్పేమీ లేదు. తీశాక రెండో గదిలో కూర్చుంటే కాళ్ళలోకి సీసం పోసినట్టయింది. వేళ్ళు చల్లబడి కొంకర్లు పోతున్నాయి. కోపం కాదు, బాధా కాదు. లోకం కుంచించుకుపోయి ఒక గుమ్మమంత అయింది. ఆ గుమ్మంలోంచి బయటపడాలి, పడుకోవాలి. అంతకుమించి మరేమీ లేదు. మొగుడు లేడు, ఆడపడుచు లేదు, మంచీ చెడూ అసలే లేవు. ట్రే పట్టుకుంది. పిడి ఊడుతుందని తెలుసు. ఊడింది. మృణాళిని వస్తుందని తెలుసు. వచ్చింది.

"ఎవరు పగలగొట్టారు?"

"సన్యాసిరావు" అంది హరిప్రియ.

అది నాటకమని ముగ్గురికీ తెలుసు. అయినా ఆ గదిలో ఎవరూ నవ్వలేదు. అతను మాత్రం వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

ఇంటికొచ్చి పడుకుని లేచేసరికి వంటింట్లో గిన్నెల చప్పుడు. రఘురామ్ పాలు కాస్తున్నాడు. ఆవిడకి తలనొప్పి వచ్చిన ప్రతిసారీ, పెళ్ళైన నాటి నుంచీ, ఆయన ఒక్క మాటా అడక్కుండా లేచి పాలు కాస్తాడు, సగం పొయ్యి మీద పొంగిస్తాడు. కాలేజీ పరీక్షల రోజుల్లో నిద్రపోకుండా పక్కన కూర్చుని అన్నం కలిపి ముద్దలు పెట్టిన అమ్మ గుర్తొచ్చింది. తను బాలింతగా ఉన్నప్పుడు, ఇప్పుడు హాస్టల్లో ఉన్న కూతుర్ని ఎత్తుకుని, "పడుకో వదినా, నేను చూస్తా" అన్న మృణాళిని గుర్తొచ్చింది. తన మంచితనం అని ఇన్నాళ్ళూ లోలోపల మురిసిపోయినది తన ఒక్కదాని సంపాదన కాదు. ఎందరో కలిసి తనని పడుకోనిచ్చారు, తిననిచ్చారు, తొందరపెట్టకుండా వదిలారు. పొంగిపోయిన పాలు తుడుస్తూ ఆ పూట ఆవిడ మొగుణ్ణి ఏమీ అనలేదు. ఆయన భయపడ్డాడు.

కోర్టులో మృణాళిని తలెత్తుకుని రెండు ఫలితాలూ చదివింది. మొదటి దానికీ రెండో దానికీ తేడా ఏమిటని జడ్జి గారు అడిగితే, "తిన్నారా అని అడిగిన మనిషండీ" అంది. కోర్టు నవ్వింది. జడ్జి గారు నవ్వలేదు. ఎవరినైనా ఆ స్థితికి తెచ్చే డ్యూటీలే ముందు జవాబు చెప్పాలని తీర్పు ఇచ్చారు. నరసమ్మకి జైలు తప్పింది. పైడితల్లిని తిరిగి పనిలోకి తీసుకోమన్నారు.

బయట వరండాలో హరిప్రియ ఎదురుపడేసరికి నరసమ్మ రెండు చేతులూ పట్టుకుంది. సన్నటి మనిషి, అరచేతులు మాత్రం ఐసుగడ్డల్లో పనిచేసి బిరుసెక్కి ఉన్నాయి.

"నీ దయ వల్ల ఒడ్డున పడ్డాను తల్లీ. మిషను నా తప్పు కాదంటంది. మరి నా మూలాన ఆ పైడితల్లి ఇన్నాళ్ళు పని లేక ఇంటికాడ కూకుంది కదా, అది ఎవులి తప్పమ్మా?"

హరిప్రియ ఆ బిరుసు చేతుల్ని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. ఈ లెక్క టోపీకి అందేది కాదు.

స్తంభం పక్కనుంచి పైడితల్లి వచ్చింది. చంకలో పిల్ల. ముఖం గంటు పెట్టుకునే ఉంది. నరసమ్మ తల దించుకుంది.

"ఓలప్పా, ఇటు సూడు" అంది పైడితల్లి. "రెండు డూటీలెందుకు సేసినావని అన్నిసార్లడిగినారు. ఎందుకు సెప్పలేదు?"

"సెప్తే నీ మీదకొస్తాది కదే. సెప్పకుండా డూటీ మార్సుకుంటే కంపినీ ఊరుకుంటాదేటి?"

పైడితల్లి హరిప్రియ వైపు తిరిగింది. "ఆ రాత్రి డూటీ నాదమ్మా. ఈ గుంటకి జొరం, ఫిట్సు వచ్చినాయి. నువ్వెల్లే, నీ బదులు నానుంటానని ఈవిడే పంపేసినాది. రేత్తిరల్లా ఆస్పత్రిలో నా ఒళ్ళోనే ఉంది ఇది. తెల్లారినాక ఈవిడికి సాయానికని పనికొస్తే నా పేరే సెప్పింది. ఎంత కోపం వచ్చినాదంటే, నానూ కోర్టులో డూటీ మాట సెప్పకుండా ఊరుకున్నాను."

నరసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

చంకలో పిల్ల కాళ్ళు ఆడిస్తూ, నరసమ్మ కొంగు అందుకోబోయింది. పైడితల్లి పిల్లని అటు నుంచి ఇటు మార్చుకుంది, మళ్ళీ అటు మార్చుకుంది. ఆఖరికి నరసమ్మ చేతుల్లో పెట్టేసింది.

"కాసేపు పట్టుకో. బరువెక్కింది" అంది.